తొమ్మిదేళ్లు షెడ్డులో ఉన్న 1971 ఫియట్ 1100: స్టార్ట్ కొట్టేముందు ఏం చూడాలి?

ఫియట్_కాకినాడ:
అందరికీ నమస్కారం. బండి 1971 ఫియట్ 1100 డిలైట్, 1089 సీసీ, గేరు లివర్ స్టీరింగ్ పక్కనే ఉండే రకం. కాకినాడలో రేకుల షెడ్డులో తొమ్మిదేళ్లుగా కదల్లేదు. పక్కన పెట్టేనాటికి ఇంజన్ బాగానే ఉంది.

ఇప్పుడు ఫ్యాను పట్టుకుని తిప్పితే ఇంజన్ తిరగట్లేదు. ట్యాంకులో పావువంతు పెట్రోలు ఉంది, వార్నిష్ కంపు కొడుతోంది. బ్రేకు పెడల్ నేలకంటా పోతోంది. వెనక కుడి చక్రం పట్టేసింది. డ్రైవరు వైపు కార్పెట్ ఎత్తితే ఫ్లోరులో రెండు చోట్ల వేలు దూరింది. ఆర్సీ తాతగారి పేరున ఉంది, ఆయన లేరు.

కొత్త బ్యాటరీ వేసి, కార్బురేటర్లో కాస్త పెట్రోలు పోసి సెల్ఫ్ కొడితే అందుకుంటుందని ఇక్కడి మెకానిక్ అంటున్నారు. కొట్టించొచ్చా? ఏ పని ముందు, ఏది తర్వాత?

ఆటోనగర్_స్పానర్:
కొట్టించకండి. అందుకుంటే అందుకోవచ్చు, కానీ రింగులు బోరుకి అతుక్కుని ఉంటే సెల్ఫ్ మోటారు బలానికి రింగు విరుగుతుంది. పది రోజులు ఆగితే పోయేదేం లేదు.

ఫ్యాను తిరగనంత మాత్రాన ఇంజన్ పట్టేసినట్టు కాదు. ప్లగ్గులు బిగించి ఉంటే కంప్రెషన్ (సిలిండర్లో నొక్కుకున్న గాలి ఒత్తిడి) అడ్డుకుంటుంది, పాత బెల్టు జారుతుంది. ముందు ప్లగ్గుల గుంటల్లో దుమ్ము ఊదేసి, నాలుగూ తీయండి. హెడ్ (సిలిండర్ల పైమూత) అల్యూమినియం, బ్లాకు ఇనుము. ప్లగ్ బిగుసుకుని ఉంటే తొక్కి తిప్పొద్దు, ప్లగ్‌తో పాటు హెడ్‌లోని మరలు ఊడొస్తాయి. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసి, పావు చుట్టు ఇటూ అటూ ఆడిస్తూ తీయాలి.

ఒక్కో సిలిండర్లో 15 మి.లీ. ఆయిల్ పోయండి. ఇంజన్ ఆయిల్, డీజిల్ సగం సగం చాలు. రెండు రోజులు నాననిచ్చి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి ఐదు డిగ్రీలు ముందుకి, ఐదు వెనక్కి. గట్టిగా తగిలితే ఆపి, మళ్లీ పోసి నాననివ్వండి. స్పానర్‌కి పైపు తొడిగి లాగడం మొదలెట్టారంటే ఓపిక అయిపోయినట్టే, ఆ రోజుకి పని కట్టేయండి.

రెండు పూర్తి చుట్లు తేలిగ్గా తిరిగాక పాత ఆయిల్ దించి, కొత్త ఫిల్టర్, 20డబ్ల్యూ50 ఇంజన్ ఆయిల్ వేయండి. అప్పుడు బ్యాటరీ. ప్లగ్గులు లేకుండానే, కాయిల్ వైరు తీసేసి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి, మధ్యలో నిమిషం విరామం. డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ లైటు ఆరాకే ప్లగ్గులు బిగించేది.

స్పార్క్ రాకపోతే కొత్త కాయిల్ కొనేముందు పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్లో కలిసి విడిపోతూ స్పార్క్ పుట్టించే లోహపు ముక్కలు) చూడండి. ఇన్నేళ్లకి వాటి మీద కంటికి కనపడని పొర పేరుకుంటుంది, కరెంటు దాటదు. సన్న ఎమరీ కాగితంతో రెండుసార్లు గీసి, విజిటింగ్ కార్డు ముక్కని థిన్నర్లో ముంచి పాయింట్ల మధ్య లాగండి. కార్డు తెల్లగా బయటికొచ్చేదాకా. గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర పెట్టండి. ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లకి స్పార్క్ అందే క్రమం, 1-3-4-2.

సోలెక్స్_సుబ్బన్న:
పెట్రోలు సంగతి. ట్యాంకుని ఇప్పుడే ముట్టుకోకండి, పక్కకి తప్పించండి. లీటరు సీసాకి పైపు పెట్టి, కార్బురేటర్ కన్నా అడుగు ఎత్తున, ఎగ్జాస్ట్‌కి దూరంగా వేలాడదీసి మొదటి స్టార్ట్ దాంతో చేయండి. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి, ఇది మాత్రం మాట వరసకి కాదు.

పంపులో డయాఫ్రమ్ ఎండిపోయి ఉంటుంది. అది చిరిగితే పెట్రోలు బయటికి కారకుండా ఇంజన్ కింద ఆయిల్ ఉండే సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి, ఆయిల్ పెట్రోలు వాసన కొడితే ఇంజన్ తిప్పడం ఆపేయండి, ఆ పలచటి ఆయిల్‌తో బేరింగులు పోతాయి. పంపు కిట్ కొనేటప్పుడు ఇ20 పెట్రోలుకి (20 శాతం ఇథనాల్ కలిపింది) తట్టుకునే డయాఫ్రమ్ అడగండి. పైపులు కూడా అంతే, ఆర్9 అని అచ్చువేసి ఉన్నవే తీసుకోండి. మామూలు నల్ల రబ్బరు పైపు ఇథనాల్‌కి లోపల మెత్తబడి, పొడి రాలి, కార్బురేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాన్ని (జెట్టు) మూసేస్తుంది.

ట్యాంకు దించాక: పాత పెట్రోలు వంపి, సర్ఫ్ నీళ్లతో రెండుసార్లు కడగండి. 10 లీటర్ల నీళ్లకి అరకిలో నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకు నిండా పోసి 24 గంటలు ఉంచండి. గుప్పెడు పాత నట్లు వేసి ఊపితే పెచ్చులు రాలతాయి, ఎన్ని వేశారో లెక్కపెట్టుకోండి, అన్నీ బయటికి రావాలి. వంటసోడా నీళ్లతో కడిగి, ఆ వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి. గంట ఆలస్యమైతే మళ్లీ నారింజ రంగు తుప్పు కనిపిస్తుంది. చిల్లు ఉందని ఎవరైనా వెల్డింగ్ అంటే ఒప్పుకోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

నిమ్మ ఉప్పులో కార్బురేటర్ మాత్రం ముంచకండి. దాని బాడీలో జింకు ఉంటుంది, తినేస్తుంది. జెట్లకి తీగ పెట్టి పొడవొద్దు, కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలితో ఊదాలి.

బ్రేకు_ముందు:
ఇద్దరూ ఇంజన్ చుట్టూనే తిరుగుతున్నారు. ఆగని బండిని నడిపించడం దేనికి? పైగా తొమ్మిదేళ్లకి క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకునే ఉంటుంది. దాన్ని వదిలించాలంటే బండిని ఖాళీ స్థలంలో గేరులో వేసి, క్లచ్ తొక్కి, సెల్ఫ్ కొట్టి, కదిలాక యాక్సిలరేటర్ నొక్కుతూ వదులుతూ కుదపాలి. ఆ సమయంలో బ్రేకు లేకపోతే ఎదురుగా ఉన్న గోడే బ్రేకు.

పట్టేసిన చక్రానికి షూలు డ్రమ్ముకి అతుక్కుని ఉంటాయి. హ్యాండ్ బ్రేకు వదిలి, అడ్జస్టర్ పూర్తిగా వెనక్కి తిప్పి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో తట్టండి. అంచుకి ఉలి పెట్టి కొడితే డ్రమ్ము బీటవేస్తుంది.

నాలుగు చక్రాల సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, హోసులు అన్నీ ఒక్కసారే తీయండి. ఒకటి మార్చి చూద్దాం అనుకుంటే, కొత్త ప్రెషర్‌కి రెండోది కారుతుంది. సిలిండర్ బోరులో గోరుకి తగిలే గుంట ఉంటే కొత్త వాషర్లు నెల కూడా ఆగవు. మార్చండి, లేదా స్లీవ్ వేయించండి. హోసు బయటికి బాగున్నా నమ్మొద్దు, లోపల ఉబ్బితే పెడల్ వదిలినా బ్రేకు పట్టే ఉంటుంది. డాట్ 3 బ్రేకు ఫ్లూయిడ్ సీలు తీయని లీటరు డబ్బా కొనండి. రబ్బరు వాషర్లకి గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాస్తే ఉబ్బిపోతాయి, బ్రేకు ఫ్లూయిడే రాయాలి. బ్రేకు పైపుల్లో ఎయిర్ తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి మొదలు.

ఫియట్_కాకినాడ:
మీ అందరికీ ధన్యవాదాలు. మూడో రోజుకి ఇంజన్ తిరిగింది! ఆయిల్ లైటు ఆరింది. కంప్రెషన్ వరసగా 120, 115, 70, 118 పీఎస్ఐ వచ్చింది. మూడో సిలిండర్ కోసం హెడ్ దించాలా? ట్యాంకు లోపల ఎపాక్సీ పూత వేయించమంటున్నారు, అదీ చెప్పండి.

ఆటోనగర్_స్పానర్:
అప్పుడే వద్దు. మూడో దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. 100 దాటితే రింగులు, పెరగకపోతే వాల్వు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపితే హెడ్ గాస్కెట్ అనుకునేవాణ్ణి, ఇక్కడ ఒక్కటే. నిలబడిపోయిన బండిలో వాల్వు సీటు మీద తుప్పు మామూలే. ముందు ట్యాపెట్ గ్యాప్ (వాల్వు పూర్తిగా మూసుకోడానికి ఉండాల్సిన సందు) ఉందో లేదో చూసి, బ్రేకులయ్యాక గంటసేపు వేడి మీద నడిపి కొలవండి. చాలాసార్లు సర్దుకుంటుంది.

సోలెక్స్_సుబ్బన్న:
నేనైతే పూత వద్దంటాను. కింద రవ్వంత తుప్పో తేమో మిగిలితే పూత లేచి పొరలుగా ఊడుతుంది, పాతరకం ఎపాక్సీలని ఇథనాల్ మెత్తబరుస్తుంది. శుభ్రమైన ట్యాంకుకి చవక ఫిల్టర్ ఒకటి పెట్టి, నెలకోసారి మార్చుకోండి.

టింకరింగ్_మాస్టారు:
ఫ్లోరు గురించి ఎవరూ ఎత్తలేదు. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బలం. కాకినాడ ఉప్పు గాలికి ఫ్లోరులో వేలు దూరిందంటే, తలుపు కింద బాక్సు కూడా స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. అది పోయి ఉంటే, కోసేముందు తలుపు గూట్లో అడ్డంగా యాంగిల్ వెల్డు చేసి, తలుపుల సందులు కొలిచి రాసుకోండి. లేకపోతే బాడీ కుంగి తలుపు మళ్లీ పడదు. గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు వంకరపోతుంది. సీఓ2 వెల్డింగ్, 20 గేజి రేకు, చుక్కచుక్కగా. తుప్పు మీద రేకు అతికించి పుట్టీ పూస్తే ఒక వానాకాలం ఆగుతుంది.

రేకులూ లైట్లూ కావాలంటే విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ముంబయి కుర్లా. ఇదే బండి తర్వాతి రూపమైన ప్రీమియర్ పద్మినివి చాలా వరకు దీనికి పడతాయి. 2023 అక్టోబరుతో ముంబయి టాక్సీల్లో పద్మినిలు అయిపోయాయి, ఆ తుక్కు సరుకు ఇంకెన్నాళ్లో రాదు, కొనేవి ఇప్పుడే కొనండి.

ఆర్సీకి వారసుల బదిలీ ఫారం 31. బండికి 50 ఏళ్లు దాటాయి కాబట్టి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా కుదురుతుంది. 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత 5,000. కానీ దాంతో రోజూ తిరగడానికి లేదు. ఇంజనూ బాడీ అసలు రూపంలో ఉండాలి, డీజిల్ ఇంజన్ వేయిస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

గ్రైండరు పెట్టేముందు ఇంజన్, ఛాసిస్ నంబర్ల మీద కాగితం వేసి పెన్సిల్ ప్రింటు తీసుకోండి. నంబరు చుట్టూ అరచేయంత మేర మాస్కింగ్ టేపు అంటించి, పెయింటరుకీ చెప్పి ఉంచండి.