ఊళ్ళో బడి ఉంచాలా, పిల్లల్ని పక్క ఊరి బడిలో కలపాలా?

చెరువుగట్టు: 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల విలీనానికి 117 జీవో ఇచ్చినప్పుడు మా ఊరి బడిలో 3, 4, 5 తరగతులు తీసేసి పక్క ఊరి హైస్కూల్లో కలిపారు. 2025లో ఆ జీవో రద్దయింది, మా పిల్లలు మాత్రం వెనక్కి రాలేదు. ఇప్పుడు తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూల్ అంటున్నారు, అదీ పక్క ఊళ్ళోనే. ఈ విలీనం వల్ల ఎవరికైనా మేలు జరిగిందా?

సుద్దముక్క: జరిగింది. నేను 14 ఏళ్ళు సింగిల్ టీచర్ బడిలో చేశాను. అయిదు తరగతులు ఒకే గదిలో. ఒకటో తరగతి వాడి చేత అక్షరాలు దిద్దిస్తుంటే అయిదో తరగతి వాడు భాగహారం దగ్గర ఆగిపోయి కూర్చునేవాడు. మధ్యలో యాప్‌లో హాజరు, గుడ్ల లెక్క, మరుగుదొడ్డి ఫొటోలు. మండలంలో మీటింగుంటే ఆ రోజు బడికి తాళమే. 60 మంది దాకా ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టంలో రాసుంది. రాసుంది, అంతే. తరగతికో టీచరున్న చోట పిల్లాడికి కనీసం వాడి పాఠం వాడికి దొరుకుతుంది.

చెరువుగట్టు: మాష్టారూ, అదే చట్టం కింద ప్రాథమిక బడి కిలోమీటరు లోపుండాలి కదా. మా దగ్గర కిలోమీటరు లోపే అని రాసుకుపోయారు. ఫోన్లో చెరువు మీదుగా గీత గీసి కొలిచారు. కాకులకైతే సరిపోతుంది. పిల్లలు గట్టు చుట్టూ తిరిగి వెళ్ళాలి, కిలోమీటరున్నర పైనే.

బెజవాడబుల్లోడు: ఆ మాత్రం నడవలేరా? మా నాన్న రోజూ 6 కిలోమీటర్లు నడిచి చదువుకున్నారు.

పద్మక్క: మీ నాన్నగారు నడిచారు సరే బాబూ, మీ మేనత్తలు నడిచారా?

బెజవాడబుల్లోడు: టాపిక్ అది కాదండీ.

సుద్దముక్క: దూరమైతే సమగ్ర శిక్ష పథకం కింద రవాణా భత్యం ఉంది, నెలకి 600.

చెరువుగట్టు: కిలోమీటరు లోపే అని రాశాక భత్యం ఎవరిస్తారు? అందుకేగా ఈ గీత మీద పోట్లాట! ఆ ఏడాది వానల్లో మా అన్న కూతురు, నాలుగో తరగతి, గట్టు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. వదిన ఇక పంపలేదు. రెండేళ్ళు మేకల వెంట తిరిగింది. మీ తరగతికో టీచరు దానికేం ఒరగబెట్టాడు?

సుద్దముక్క: బాధగానే ఉంది. కానీ నాకు ఆపరేషనై మూడు నెలలు సెలవు పెడితే మా బడికి ఇంకొకర్ని వెయ్యలేదు. ఆ మూడు నెలలు 11 మంది ఏం చదివారు? దాని మీద ఎవరూ పోస్టు పెట్టరు.

నోటుపుస్తకం: ఈ గొడవంతా ఎందుకు, పిల్లల్ని చదివించే తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బులేవో బడులకే ఇస్తే పోలా?

చెరువుగట్టు: మాష్టారూ, ఒక్కటడుగుతా. మీ పిల్లలు ఏ బడిలో చదివారు?

సుద్దముక్క: అది నా సొంత విషయం.

చెరువుగట్టు: చెప్పండి, పరవాలేదు.

సుద్దముక్క: టౌన్లో కాన్వెంటులో. అయితే? మీ ఊరికి పొద్దున్నే కాన్వెంటు పచ్చ బస్సు రాదా? నేను చేరినప్పుడు మా బడిలో 70 మంది, ఊరందరి పిల్లలూ. ముందు పొలాలున్నవాళ్ళు ఆ బస్సెక్కించారు, తర్వాత కొట్లవాళ్ళు. చివరికి మిగిలింది కాలనీ పిల్లలు 11 మంది. అప్పట్నుంచి బోరు పాడైతే చూసే దిక్కు లేదు. మూసేస్తామన్నప్పుడు ఊరి పెద్దలు ఒక్కరూ నోరెత్తలేదు. ఆ పిల్లలు నలుగురితో కలిసి కూర్చోవాలనే నేను విలీనానికి ఒప్పుకున్నాను. నన్ను దొంగని చేయకండి.

చెరువుగట్టు: మేము కాలనీ వాళ్ళమే మాష్టారూ. హైస్కూల్లోనూ ఊరి పిల్లలు లేరు, వాళ్ళింకా ఆ పచ్చ బస్సులోనే ఉన్నారు. మా పిల్లలు పోయి కలిసింది పక్క ఊరి కాలనీ పిల్లలతో.

బెజవాడబుల్లోడు: ప్రతిదాంట్లో కులం ఎందుకు తెస్తారో.

సుద్దముక్క: అంత దూరం ఆలోచించలేదు. అయినా ఒక్క టీచరుతో బడి నడపడం తప్పే. ఇద్దర్నివ్వమని అడగండి.

చెరువుగట్టు: అడుగుతోంది అదేగా. ఆ ఇద్దర్నీ మా ఊళ్ళో ఇమ్మని.

పద్మక్క: పాప ఇప్పుడు చదువుతోందా తమ్ముడూ?

చెరువుగట్టు: కస్తూర్బా ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆరులో చేర్చుకున్నారక్కా. తెలుగు బాగానే చదువుతోంది. భాగహారం రాదు.

బెజవాడబుల్లోడు: ఇంతకీ ఆ కిలోమీటరున్నర మీరైనా సరిగ్గా కొలిచారా?

చెరువుగట్టు: టేపు పట్టాను. 1,640 మీటర్లు. రండి, చూపిస్తా.