పంచనామా కాకముందే చనిపోయిన విద్యార్థిని స్నేహితురాలిపై నింద వేశారు. ఏం చేయవచ్చు?

ప్రశ్న: కెమిస్ట్రీ లెక్చరర్, ఒంగోలు

గత నెల మా జూనియర్ కళాశాల హాస్టల్లో రెండో సంవత్సరం విద్యార్థిని ఒకరు చనిపోయారు. నా తరగతిలో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే పిల్ల. మాకు ఉదయం ఆరున్నరకు తెలిసింది. ఏడుంబావుకల్లా గేటు దగ్గర మైకులు ఉన్నాయి. ఎస్సై వచ్చి పంచనామా మొదలుపెట్టక ముందే టీవీలో స్క్రోలింగ్: ‘స్నేహితురాలితో గొడవే కారణమా?’ చివరి ప్రశ్నార్థకాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అందరూ కారణం తేలిందనే అనుకున్నారు.

ఆ స్నేహితురాలు అదే గదిలో ఉండే పిల్ల, పదిహేడేళ్లు. గ్రూపు ఫొటోలోంచి ఆమె ముఖం కత్తిరించి, చుట్టూ ఎర్ర గీత గీసి ఒక యూట్యూబ్ ఛానెల్ వీడియో పెట్టింది. ముందు రోజు రాత్రి ఇద్దరూ రికార్డు పుస్తకం కోసం మాటామాటా అనుకున్నారు. ఆ సంగతి ఆ పిల్లే వరండాలో ఏడుస్తూ నాకు చెప్పింది. ఎవరు విన్నారో, మాట గేటు దాటిపోయింది. గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి మాట్లాడించి ఉండాల్సింది నేను.

ఆ స్నేహితురాలి నాన్న కొండపి దగ్గర పొగాకు రైతు. నిన్న టీసీ కోసం వచ్చారు. వేలం కేంద్రంలో కూడా ‘మీ అమ్మాయేనా?’ అని అడిగారట. ఆ ఒక్క మాట చెప్పి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగారు. వీడియో ఇంకా ఉంది. తీయించే దారి చెప్పండి.

జవాబు: మాజీ విలేకరి, కావలి

మేడమ్, ఇరవై రెండేళ్లు ఈ పని చేశాను. డెస్కు నుంచి వచ్చే మొదటి ఫోను ‘కారణం ఏమిటి?’ అనే. తెలియదంటే పక్క ఛానెల్ అప్పుడే వేసిందంటారు. ఇక వాచ్‌మన్ చెప్పినా, టీ బంకులో విన్నా అదే వార్త. అలా రాసినవి నావీ ఉన్నాయి, ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆత్మహత్య వార్తల్లో ఫొటోలు, వీడియోలు, సంచలన శీర్షికలు వద్దని పత్రికల తీరును చూసే ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ దగ్గర అది ఆత్మహత్య అని కూడా తేలకముందే ఇంత చేశారు.

జవాబు: న్యాయవాది, నెల్లూరు

మొదట వీడియో లింకు, తేదీ, స్క్రీన్‌షాట్ భద్రపరచండి. తర్వాత ఆ వీడియో ఉన్న వేదిక, అంటే యూట్యూబ్, ఫిర్యాదుల అధికారికి రాయండి. 2021 ఐటీ నియమాల ప్రకారం 24 గంటల్లో అందినట్లు చెప్పాలి, 2026 సవరణ తర్వాత ఏడు రోజుల్లో (అంతకుముందు 15) పరిష్కరించాలి. పత్రికలో వచ్చి ఉంటే ముందు సంపాదకుడికి లేఖ, ఆ తర్వాత ప్రెస్ కౌన్సిల్‌కు. దినపత్రికకైతే రెండు నెలల గడువే, ఆలస్యం చేయకండి. ఇది నేరం కేసుగా మారి ఆమె సాక్షి అయితే, మైనర్ గుర్తింపు బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 కింద శిక్షార్హం. ఫిర్యాదుపై తండ్రి సంతకం ఉంటే మంచిది.

ఒక ముఖ్యమైన మాట. ఆ పిల్లను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. లింకులు కాగితం మీద రాశాను, పదకొండు ఉన్నాయి. వాళ్ల నాన్న ఫోను ఎత్తారు, రమ్మన్నారు. రేపు ఎనిమిది గంటల బస్సుకు కొండపి వెళుతున్నాను. ఆ పిల్ల రికార్డు నా బీరువాలోనే ఉండిపోయింది. దిద్ది, అదీ తీసుకెళుతున్నాను.