భోజనం తర్వాత నొచీనో: అరుగుదలకా, అలవాటుకా?

మొడెనా విద్యార్థి
ఇటలీ వచ్చి ఏడాదైంది. మొన్న ఆదివారం ఇంటి ఓనర్లు భోజనానికి పిలిచారు. పాస్తా, మాంసం, స్వీటు, కాఫీ అన్నీ అయ్యాక ఓనరమ్మ అల్మరాలోంచి నల్లటి సీసా తీసి చిట్టి గ్లాసుల్లో నొచీనో, అంటే అక్రోటు కాయల సారా పోసింది. "తాగు, అరుగుతుంది" అంది. నాకు అలవాటు లేదు, వద్దన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇలాంటివి నిజంగా అరుగుదలకు పనిచేస్తాయా? లేకపోతే ఆ పేరు చెప్పి పోయడం దేనికి?

మిలాన్‌లో పదేళ్లుగా
ఆ పేరు ఊరికే రాలేదు తమ్ముడూ. ఇక్కడ భోజనం తర్వాత తాగే ఆమారో అంటేనే చేదు. వేర్లు, మూలికలు, నారింజ తొక్కలు స్పిరిట్‌లో నానబెట్టి చేస్తారు. 1845లో మిలాన్‌లో పుట్టిన ఫెర్నెట్ బ్రాంకా అనే ఆమారోను మొదట ఔషధంగానే అమ్మారు. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో కూడా మందుల షాపుల్లో దొరికేది. మన శొంఠి కషాయం లాంటిదే అనుకో.

ఇక నొచీనో మీ ఊరి వైపు ఇంటింటి సరుకు. జూన్ 24, సెయింట్ జాన్ పండగ నాటికి, లోపల పెంకు గట్టిపడకముందే పచ్చి అక్రోటు కాయలు కోస్తారు. నాలుగేసి ముక్కలు చేసి స్పిరిట్‌లో ఊరేస్తారు. ముక్కలు కోసిన వేళ్లకు పట్టిన నలుపు ఎంత తోమినా పోదు. ఆవకాయలాగే ఇంటికో లెక్క. ఆవిడ చిన్నబుచ్చుకుంది అందుకే.

నర్సుగా పనిచేస్తున్నాను
కషాయంతో పోల్చకండి అన్నయ్యా, అందులో స్పిరిట్ ఉండదు. జ్యూరిచ్‌లో 20 మందికి ఫాండ్యూ, అంటే కరిగించిన చీజ్ పెట్టి పరీక్షించారు. తింటున్నప్పుడు వైనో బ్లాక్ టీయో, తిన్నాక చెర్రీ సారానో నీళ్లో ఇచ్చారు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మద్యం తాగినప్పుడు కడుపు ఖాళీ అవడానికి ఎక్కువసేపు పట్టింది. అజీర్తి బాధలు పెరగలేదు, అదీ నిజమే. కానీ అరుగుదల తొందరపడిందని మాత్రం అనలేం.

మన భాషలో జ్వరానికీ మందే, సీసాలోదీ మందే. మా నాన్న రోజూ రాత్రి అన్నం తిన్నాక "అరుగుదలకి" అంటూ బ్రాందీ రెండు మూతలు పోసుకునేవారు. ఆ రెండు మూతలే పోనుపోను సగం గ్లాసయ్యాయి. ఔషధం అన్నాక మా అమ్మ వద్దనలేకపోయింది. అందుకే ఆ మాట వింటే నాకు టెన్షన్.

మిలాన్‌లో పదేళ్లుగా
మీ నాన్నగారి సంగతి చదివాక వాదించాలనిపించడం లేదమ్మా. "అరుగుతుంది" అనే మాట ఇకమీదట నేనూ అనను. కానీ ఆ గ్లాసే తప్పంటే ఒప్పుకోను. కాఫీ తర్వాత వచ్చే ఈ గ్లాసుని ఇక్కడ అమ్మాజాకఫే అంటారు, కాఫీని చంపేది అని. అది బల్ల మీదకి వచ్చిందంటే ఇంకో గంట ఎవరూ లేవరు. మా మామగారు తన చిన్నప్పటి కబుర్లు చెప్పేది అప్పుడే. తాగనివాళ్లూ కూర్చుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు.

మొడెనా విద్యార్థి
ఈ ఆదివారం మళ్లీ వెళ్లాను. తాగనని ముందే చెప్పేసి, కాయలు ఎక్కడివని అడిగాను. పెరట్లో చెట్టు చూపించింది. జూన్‌లో కోతకి రమ్మంది, పాత చొక్కా వేసుకుని.