గట్లకు, ఇంటి బాటకు త్వరగా పెరిగే కలప చెట్లు: సిల్వర్ ఓక్, మలబారు వేప, మహోగనిలలో ఏది నయం?

ప్రశ్న (సిద్దిపేట జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. మాకు నాలుగెకరాల ఎర్ర చెలక ఉంది. అందులో సగం మామిడి తోట, మిగిలిన సగంలో కూరగాయలు పండిస్తున్నాము. చుట్టూ ఉన్న గట్ల మీద, రోడ్డు నుంచి ఇంటికి వచ్చే బాటకు రెండు వైపులా, చూడటానికి అందంగా ఉండి పది పన్నెండేళ్ళలో కలపగా కూడా పనికివచ్చే చెట్లు పెట్టాలని ఉంది. అరకు కాఫీ తోటల్లో నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లను చూసినప్పటి నుంచి మనసు వాటి మీదే ఉంది. మా దగ్గరి నర్సరీ వారు మాత్రం మహోగని పెట్టమని, పదేళ్ళకు మంచి ధర పలుకుతుందని, చెట్లను తామే తిరిగి కొంటామని అంటున్నారు. నీటికి ఒక బోరు ఉంది, అది వేసవిలో తగ్గుతుంది. ఏ చెట్టు ఎంచుకోవాలో, ఎంత ఎడం ఇవ్వాలో, మొదటి రెండేళ్ళు ఎలా చూసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (చింతపల్లి నుంచి)

మేము కాఫీలో నీడ కోసం సిల్వర్ ఓక్ పెంచుతాము కాబట్టి దాని గురించే చెబుతాను. ఇది ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతపు చెట్టు. బ్రిటిషు వారి కాలంలో తేయాకు, కాఫీ తోటలకు నీడ కోసం మన దేశానికి వచ్చింది. మీరు చూసిన నిటారుతనంలో చెట్టు గుణం కొంతే. సముద్రమట్టానికి 900 మీటర్లకు అటూ ఇటూ ఉన్న మా మన్యపు చల్లదనానికి, పక్క కొమ్మలను వానలకు ముందు నరికే మా అలవాటుకు కూడా అందులో వాటా ఉంది. పైగా ఇక్కడ మొదలుకు మిరియాల తీగ పాకిస్తాము కనుక కలప కోతకు రాకముందే చెట్టు ఆదాయం ఇస్తుంది. మీ ఎండలకు మిరియం నిలవదు.

మైదానాల్లో సిల్వర్ ఓక్ బతకదని కాదు. దువ్వెన పళ్ళలా విచ్చుకునే దాని బంగారు రంగు పూలకు తేనెటీగలు బాగా వస్తాయి. నాలుగైదు చెట్లు అందం కోసం పెట్టుకోవచ్చు. అయితే వేడి ఎక్కువైన చోట పెరుగుదల మందగిస్తుంది, కొమ్మలు పెళుసు కావడం వలన ఈదురుగాలికి విరిగి పడతాయి. అందుచేత ఇంటి కప్పు పక్కనా, కరెంటు తీగల కిందా పెట్టకండి. దాని ఆకు, రంపపు పొట్టు కొందరికి ఒంటి మీద దురద, దద్దుర్లు తెస్తాయి కాబట్టి నరికేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకోవడం మంచిది.

జవాబు (ఖమ్మం జిల్లా నుంచి)

గట్లకు మలబారు వేప పెట్టండి. లోతైన ఎర్ర నేల దానికి బాగా నప్పుతుంది. ప్లైవుడ్ మిల్లులు దీని మొదలును పలుచటి పొరలుగా ఒలుస్తాయి, అందుకే లావుగా, ముడులు లేకుండా పెరిగిన దుంగకే ధర ఉంటుంది. గట్టు మీది వరుసకు పక్క నుంచి వెలుతురు అందుతుంది గనుక తోట మధ్యలో పెట్టినవాటి కంటే ఇవి త్వరగా లావెక్కుతాయి. మొక్కకు మొక్కకు పది అడుగులు చాలు. మామిడి వైపు మాత్రం కనీసం ఇరవై అడుగులు వదలండి, లేకపోతే వేర్లు, నీడ రెండూ మామిడిని దెబ్బతీస్తాయి. పొరుగువారి చేను ఉన్న గట్టు మీద పెట్టే ముందు వారితో ఒక మాట అనుకోవడం కూడా అవసరం. కూరగాయల మీద నీడ పడితే తగవు తప్పదు.

జూన్, జూలైలలో రెండు మంచి వానలు పడిన తరువాత, అడుగున్నర గుంత తీసి, మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టితో నాటండి. అసలు పని ఆ తరువాతే ఉంది. ఆకు మొదళ్ళలో వచ్చే పిలకలు పచ్చిగా, గోటితో గిల్లగలిగినంత లేతగా ఉన్నప్పుడే తీసివేయాలి. ముదిరాక కత్తితో నరికితే ఆ గాయం దుంగలో ముడిగా మిగిలిపోతుంది. అలాగని చెట్టు ఎత్తులో పై సగంలో ఉన్న ఆకును ఎన్నడూ తీయవద్దు, ఎందుకంటే మొదలును లావు చేసేది ఆ ఆకే. మొదటి ఏడాది గాలికి వంగకుండా కర్ర ఊతం ఇవ్వండి. రెండు వేసవులు డ్రిప్పు నీరు అందిస్తే తరువాత వేర్లు లోతుకు దిగి తమ దారి తాము చూసుకుంటాయి. మేకలకు ఈ ఆకు మహా ఇష్టం, కంచె లేకపోతే మొక్క మిగలదు. శీతాకాలంలో ఆకు రాల్చి మోడులా నిలుస్తుంది. చచ్చిపోయిందని కంగారు పడవద్దు.

జవాబు (హైదరాబాద్ నుంచి)

బాటకు మహోగని పెట్టడంలో తప్పు లేదు. దట్టమైన నీడ, మెరిసే ఆకు, గంభీరమైన ఆకారం ఉన్న చెట్టు అది. పదేళ్ళకు పెద్ద ధర అన్న మాట దగ్గరే నాకు పేచీ. మహోగని విలువ అంతా ఎర్రటి చేవలో ఉంటుంది, ఆ చేవ కట్టడానికి దశాబ్దాలు కావాలి. దానికి తోడు మొవ్వు తొలిచే పురుగు లేత కొనలోకి దూరితే చెట్టు పంగలుగా చీలి, పొడవైన దుంగ రాకుండా పోతుంది. ఎండిన కొనను పురుగు ఉన్న మేర కోసి తగలబెట్టి, పక్క చిగుళ్ళలో బలమైన ఒక్కదానినే నిటారుగా పెరగనివ్వాలి.

తిరిగి కొంటామన్న హామీ విషయంలో 1990లలో టేకు తోటల కంపెనీల పేరిట మన దేశంలో జరిగింది గుర్తుంచుకోండి. అటువంటి పథకాల్లో ఎందరో డబ్బు పోగొట్టుకున్న తరువాతే 1999లో సెబీ (పెట్టుబడి మార్కెట్లను నియంత్రించే కేంద్ర సంస్థ) సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. నర్సరీ వారి మాట ధర సహా కాగితం మీద లేకపోతే దానిని మొక్క అమ్మడానికి చెప్పిన మాటగానే తీసుకోండి. సొంత పొలంలోని చెట్టయినా నరకడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వర్తిస్తుంది. ఏ జాతికి మినహాయింపు ఉందో నాటే ముందే అటవీ రేంజి కార్యాలయంలో అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అయితే గట్లకు మలబారు వేప, బాటకు మహోగని, ఇంటికి దూరంగా నాలుగు సిల్వర్ ఓక్ చెట్లు అనుకుంటున్నాను. తూర్పు మూలలో వానాకాలమంతా నీరు నిలిచే పల్లం ఉంది. అక్కడ కూడా మలబారు వేప పెట్టవచ్చా?

జవాబు (ఖమ్మం జిల్లా నుంచి)

వద్దండీ, నీరు నిలిస్తే దాని వేరు కుళ్ళుతుంది. ఆ మూలకు తెల్లమద్ది పెట్టండి. వాగుల ఒడ్డున పెరిగే జాతి కనుక తడికి తట్టుకుంటుంది, తెల్లటి నున్నని మొదలుతో చూపుకు కూడా బాగుంటుంది. పెరుగుదల కొంచెం నిదానం. చెట్టు విశాలంగా పరుచుకుంటుంది కాబట్టి ఇరవై అయిదు అడుగులకు ఒకటి చొప్పున పెట్టండి.