తెర నడుమ ఒక్క చుక్క చచ్చింది: మార్చమని అడిగితే తప్పా?

రాజ్‌విహార్ డీటీపీ, కర్నూలు:

అందరికీ నమస్కారం. రాజ్‌విహార్ సెంటర్ దగ్గర చిన్న డీటీపీ షాపు నాది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తుంటా. పోయిన నెల 24 అంగుళాల ఐపీఎస్ (తెర తయారీలో ఒక రకం) మానిటర్ కొన్నా. తెర నడిమధ్యన చీకటి చుక్క ఒకటి ఉంది. తెల్ల పేజీ తెరిస్తే కనిపిస్తుంది, నల్ల తెర మీద మాయమవుతుంది. అది చుక్క అని గుర్తుపట్టేసరికి ఎనిమిది రోజులు గడిచాయి. షాపుకు ఫోన్ చేస్తే, "ఒకటి రెండు ఉంటే కంపెనీ వెనక్కి తీసుకోదన్నా, అది లోపం కింద రాదు" అన్నారు.

చుక్క కొలత పావు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ నా పని తెలుగు అక్షరాలతో. పేజీ మొత్తం తెరకు పట్టేలా పెట్టి చూసేటప్పుడు "ధ" కింద ఒత్తు ఒకటి రెండు పిక్సెళ్లకు (తెర మీది చిన్న గడులకు) మించి ఉండదు. మాఘమాసం పెళ్లి కార్డులో "బంధుమిత్రుల" అని కొట్టాల్సిన చోట "బందుమిత్రుల" అని కొట్టాను. ఆ "ద" సరిగ్గా ఈ చుక్క మీదకు వచ్చి కూర్చుంది. కంటికి ఒత్తు ఉన్నట్టే కనిపించింది. 500 కార్డులు అచ్చయి వచ్చాక తెలిసింది. పెళ్లివాళ్లు మంచివాళ్లు, నోరెత్తి ఒక మాట అనలేదు. నేనే మళ్లీ వేయించి ఇచ్చాను.

తప్పు కొట్టింది నేనే, కాదనను. ఆ తప్పు నా కంట పడకుండా దాచింది మాత్రం ఈ తెర. మార్చమని అడగడం న్యాయమా కాదా? మీ మాట చెప్పండి.

ఏడురోడ్ల కౌంటర్, కడప:

అన్నా, నేను అమ్మే వైపు ఉన్నోణ్ణి, నా మాట మీకు నచ్చకపోవచ్చు. మీ తెర 1920×1080 అయితే అందులో 20 లక్షల 73 వేల 600 పిక్సెళ్లు. ఒక్కోదానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు సబ్‌పిక్సెళ్లు. అంటే 62 లక్షల పైచిలుకు. ప్రతిదాని వెనక దాన్ని వెలిగించి ఆర్పే ట్రాన్సిస్టర్ ఒకటి ఉండాది. అన్నిట్లో ఒకటి పనిచేయలేదని ఆ గాజు మొత్తం పక్కన పడేస్తే, మీరు కొన్న ధరకు మానిటర్ ఎవరూ అమ్మలేరు. ఆ ఒకటి రెండు ఓర్చుకుంటున్నాం కాబట్టే తెర ఇంత చవకైంది.

ఇంకోటి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి నాకు సరుకొస్తాది. డబ్బా తెరిచిన పీసు వాళ్లు తీసుకోరు. మీకు మారిస్తే ఆ పీసు నా తావనే ఉంటాది.

సోల్డరింగ్ ఐరన్, అనంతపురం:

ముందు అది ఏం చుక్కో తేలాలి కదప్పా. చూడకుండా వాదన ఎందుకు? మీ పక్కన ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంటే, ప్లేటు చుక్కలు చూసే లూప్ అనే భూతద్దం అడిగి తెచ్చుకోండి. తెల్ల పేజీ పెట్టి ఆ అద్దంలోంచి చూడండి.

అంచులు పదునుగా, చిన్న గడి ఆకారంలో ఉంటే అది పిక్సెల్. అంచులు మసకగా నీడలా ఉంటే వెనక పొరల్లో దుమ్మో పురుగో చేరినట్టు. పిక్సెలే అయితే దాంట్లో మూడు రంగుల గీతలూ చీకటా, ఒకటేనా చూడండి. పాత టీఎన్ రకం తెరల్లో కరెంటు అందని గడి వెలుతురును వదిలేస్తాది, కాబట్టి చచ్చిన చుక్క మెరుస్తా ఉంటాది. ఐపీఎస్‌లో, వీఏ రకంలో దీనికి తిరగబడి ఉంటాది: కరెంటు అందకపోతే గడి మూసుకుపోతాది. అందుకే మీకు తెలుపు మీదే అగపడ్తాంది.

గుడ్డతో నొక్కి రుద్దితే పోతాదని, రంగులు టకటకా మార్చే వీడియో పెట్టి రాత్రంతా వదిలేయమని ఎవరైనా చెప్తే వినొద్దు. ఎప్పుడూ వెలిగే చుక్క ఒక్కోసారి అట్ల సర్దుకుంటాదేమో కానీ, ట్రాన్సిస్టర్ పోయింది రుద్దితే రాదు. నొక్కినోళ్లు ఒకటి పోయి మూడు చేసుకుని నా బల్ల కాడికి వచ్చినారు.

రాజ్‌విహార్ డీటీపీ, కర్నూలు:

లూప్ పెట్టి చూశాను. ఎరుపు గీత వెలుగుతోంది, నీలం వెలుగుతోంది, నడుమ ఆకుపచ్చ లేదు. అంచు కత్తితో కోసినట్టుంది. వంగపండు రంగు చుక్క అని మా ఆవిడ మొదట్నుంచీ అంటోంది, నేనే నలుపనుకున్నాను.

ఏడురోడ్ల కౌంటర్, కడప:

అట్లయితే ఇంకా తేలికన్నా. పూర్తి పిక్సెల్ కూడా కాదు, అందులో మూడో వంతు. దీనికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. 2001లో ఐఎస్ఓ 13406-2 అని వచ్చింది, 2008లో దాని బదులు 9241-300 వరుస తెచ్చినారు. పాతదాంట్లో రెండో తరగతి తెరకు పది లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ చీకటిగా ఉండేవి 2, సబ్‌పిక్సెల్ లోపాలు 5 దాకా ఒప్పుకుంటారు. మీ తెరకు లెక్కేస్తే సబ్‌పిక్సెళ్లు పది పోయినా తరగతిలోనే ఉన్నట్టు. మీకు పోయింది ఒకటి.

రాజ్‌విహార్ డీటీపీ, కర్నూలు:

మూడో వంతు అన్నారు. ఇక్కడే నాకు మంట. ఆకుపచ్చ, ఎరుపు, నీలం కంటికి సమానం కావు. మన మానిటర్లు వాడే రంగుల లెక్కలో, తెలుపు వెలుగులో ఆకుపచ్చ వాటా 71 శాతం పైన, ఎరుపు 21, నీలం 7. ప్రమాణం ఏ రంగైనా ఒకటే సబ్‌పిక్సెల్ అని రాసుకుంది. నా కంటికి ఆ చుక్కలో దాదాపు ముప్పావు వెలుగు పోయింది. అదే నీలం గీత పోయి ఉంటే నాకు తెలిసేదే కాదేమో, ఇక్కడికి వచ్చేవాణ్ణీ కాదు. ఎన్ని పోయాయని లెక్కపెడుతున్నారు కానీ ఏది పోయింది, ఎక్కడ పోయింది, ఆ తెర మీద ఏం పని జరుగుతుంది అని ఎవరూ అడగరు. ఓ మూలన నాలుగు పోయినా నాకు ఫర్వాలేదు. నడుమ ఒకటి వద్దు.

గుత్తి టీచరు:

అన్నా, కోపం తెచ్చుకోవద్దు. మా బడిలో కంప్యూటర్లకు ఉన్నవి బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ మానిటర్లు. పద్దెనిమిదిన్నర అంగుళాలు, 1366×768, టీఎన్. పిల్లలు ముగ్గురు ఒక తెర ముందు కూర్చుంటే నడుమవాడికే రంగు సరిగా కనిపిస్తుంది. కింద నుంచి చూసేవాడికి బొమ్మ నల్లబడి తిరగబడుతుంది. చిన్న అక్షరాల్లో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియక, "కిలు", "కీలు" రెండూ ఒకటే అని ఒక పాప నాతో వాదించింది. మీరు ఒక చుక్క గురించి ఇంత బాధపడుతుంటే నాకు కొంచెం కష్టంగా ఉంది. పాతదైనా సరే, అక్షరాన్ని చదవగలిగే తెర దొరకడమే మాకు పండగ.

రాజ్‌విహార్ డీటీపీ, కర్నూలు:

టీచరమ్మా, కోపం లేదు. మీరు చెప్పిందీ నేను చెప్పేదీ ఒకటే. ఆ పాపకు గుడిదీర్ఘం కనిపించాలి, నాకు ఒత్తు కనిపించాలి. ఒక పని చేసి చూడండి: ఆ మానిటర్లలో ఎన్నిటికి రిజల్యూషన్ 1366×768 కాకుండా 1024×768 పెట్టి ఉందో చూడండి. సెకండ్‌హ్యాండ్ మెషీన్లలో చాలాసార్లు అట్లే వదిలేస్తారు. తెరకు సొంత గడులు ఎన్నో అన్నే పెట్టకపోతే అక్షరం అంచులన్నీ అలుక్కుపోతాయి. వీజీఏ కేబుల్ అయితే మానిటర్ మీద ఆటో బటన్ ఒకసారి నొక్కండి. విండోస్‌లో క్లియర్‌టైప్ సర్దుబాటు కూడా చేయండి, అది సబ్‌పిక్సెళ్లను వాడుకుని అంచు నున్నగా చేస్తుంది.

గుత్తి టీచరు:

ఆరింట్లో నాలుగు 1024లో ఉన్నాయి! ఇన్నాళ్లూ చూసుకోలేదు. మార్చాను. గుడి, గుడిదీర్ఘం విడిగా తెలుస్తున్నాయి.

బి.క్యాంపు వకీలు, కర్నూలు:

చట్టం సంగతి చెప్తా. వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జూలైలో. అందులో లోపం అంటే చట్టం ప్రకారం ఉండాల్సిన నాణ్యతే కాదు, ఒప్పందం ప్రకారం, అమ్మేవాడు చెప్పుకున్న దాని ప్రకారం ఉండాల్సినదాంట్లో ఏ కొరత అయినా లోపమే. కాబట్టి కంపెనీ వారంటీ కాగితంలో చుక్కల సంఖ్య ముందే రాసి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. రాయకుండా, అమ్మేటప్పుడు చెప్పకుండా, తర్వాత ప్రమాణం పేరు చెప్తే బలపడుతుంది. ముందు ఆ కాగితం చదవండి.

వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడని అవతలివాళ్లు అంటారు. భయపడొద్దు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాడిని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. 5 లక్షల లోపు వస్తువుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. దానికంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అయితే నా సలహా, పదివేల వస్తువుకు వాయిదాలు తిరిగేకంటే ఆ తెర మోసుకుని షాపుకు పోవడమే మేలు. ఫోన్‌లో చుక్క కనిపించదు.

ఏడురోడ్ల కౌంటర్, కడప:

వకీలు గారు చెప్పింది సబబే, ఒక్క మాట తప్ప. వారంటీ కాగితం డబ్బాలో ఉంటాది. డబ్బా తెరిస్తేనే చదవగలరు, తెరిచినాక మేం వెనక్కి తీసుకోలేం. ఇది కొనేవాడికి అన్యాయమే, ఒప్పుకుంటా. అందుకే నేను రెండేళ్ల నుంచి మానిటర్ కొనేవాళ్ల ముందే డబ్బా తెరిచి, తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఐదు రంగులూ తెర నిండా పెట్టి చూపిస్తాండా. ఐదు నిమిషాల పని. నచ్చితేనే బిల్లు. ఇట్ల చేస్తే రెండు మూడు పీసులు నా దగ్గర మిగిలినాయి, నష్టానికే అమ్మినా. అందరు షాపులోళ్లూ చేయాలని నేను చెప్పలేను, అద్దెలు కట్టాల కదా.

సోల్డరింగ్ ఐరన్, అనంతపురం:

చుక్క మీదే అందరూ పడినారు, మన సీమలో తెరను తినేది వేరే. పోయిన వానాకాలం ఒకాయన మానిటర్ తెచ్చినాడు, చుక్క కదులుతాందని. నిజంగానే కదిలింది. తామర పురుగు. మిరప తోటల్లో ఆకు ముడుచుకుపోయేలా చేసేదే, ఈనె పుల్లంత మందం కూడా ఉండదు. వెలుతురుకు వచ్చి, వెనక సందుల్లోంచి దూరి, గాజుకూ వెలుతురు పంచే పొరకూ నడుమ చేరతాది. కదిలేటప్పుడు వేలితో నొక్కినారా, అక్కడే చచ్చి శాశ్వతంగా చుక్కై కూర్చుంటాది. తెర ఆర్పేసి, పక్కన దీపం పెట్టి గమ్మున ఉండండి, దానంతట అదే బయటికి వస్తాది. ఆయన అప్పటికే నొక్కేసినాడు. పొరలన్నీ విప్పి తీయాల్సి వచ్చింది.

ఎండ ఇంకోటి. చాలా మానిటర్ల కాగితాల్లో వాడకం 40 డిగ్రీల దాకా అని రాసి ఉంటాది. మేలో మనకు బయట 43, 44. రేకుల షెడ్డు కింద షాపులో మానిటర్ వెనక్కాల ఎంత ఉంటాదో మీరే ఊహించుకోండి. ఆ వేడికి పవర్ బోర్డులో కెపాసిటర్లు పైన ఉబ్బుతాయి. గుర్తేమంటే, పొద్దున ఆన్ చేస్తే వెలిగి ఆరి, వెలిగి ఆరి, పది నిమిషాలకు నిలబడతాది. తెర పోయిందని పారేయొద్దు, రెండు మూడు కెపాసిటర్లు మారిస్తే సరిపోయేవి శానా ఉన్నాయి. తెలియనోళ్లు మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసినాక కూడా పెద్ద కెపాసిటర్‌లో చార్జి ఉంటాది.

రాజ్‌విహార్ డీటీపీ గారూ, ఇంకో ఉపాయం తోస్తాంది. మానిటర్‌ను తలకిందులు చేసి, విండోస్‌లో బొమ్మ కూడా తిప్పితే చుక్క వేరే చోటికి పోతాది కదా?

రాజ్‌విహార్ డీటీపీ, కర్నూలు:

ఆలోచించాను. నా చుక్క నడిమధ్యన కదా, తిప్పినా నడుమకే వస్తుంది. పైగా తలకిందులైతే ఎరుపు, నీలం తారుమారై క్లియర్‌టైప్ అక్షరాలకు రంగు అంచులు కనిపిస్తాయి, మళ్లీ సర్దుకోవాలి.

వకీలు గారి మాట పట్టుకుని నిన్న తెర మోసుకుని షాపుకు పోయాను. వెంట ప్రెస్సు లూప్, పాడైన కార్డు ఒకటి. గొడవ పెట్టుకోలేదు. వాళ్ల కౌంటర్ మీదే ప్లగ్గు పెట్టి, ఆ కార్డు పేజీ తెరిచి, "ఇది 'ద'నా 'ధ'నా చెప్పన్నా" అని అడిగా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి "ధ" అన్నాడు. పేజీని కాస్త పక్కకు జరిపా. ఒత్తు అక్కడే ఉండిపోయింది, అక్షరం పక్కకు పోయింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు.

కంపెనీకి పంపితే వెనక్కే వస్తుందని ఆయనా అన్నాడు. చివరికి షోకు పెట్టిన పీసు ఒకటి, అదే సైజు, ఇచ్చాడు. నా తెర తన బిల్లింగ్ కౌంటర్‌కు పెట్టుకున్నాడు. ఆ బిల్లింగ్ ప్రోగ్రాం ముదురు నీలం తెర. నీలంలో ఆకుపచ్చకు పనే లేదు, చుక్క ఎంత వెతికినా కనిపించలేదు.

ఏడురోడ్ల కౌంటర్, కడప:

మంచిదన్నా, సంతోషం. కానీ ఆయనకు కౌంటర్ తెర కావాల్సి ఉండి సరిపోయింది. రేపు పదిమంది పది చుక్కలు తెస్తే పది కౌంటర్లు ఉండవు. షాపోడి మంచితనం మీద నడిచేదాన్ని నేను న్యాయం అనలేను. ఆ సంఖ్య ఏదో కంపెనీయే డబ్బా మీద పెద్దక్షరాల్లో అచ్చేయాల.

రాజ్‌విహార్ డీటీపీ, కర్నూలు:

డబ్బా మీద అచ్చేయాలన్న మాటకు నా ఓటు కూడా.

కొత్తగా వచ్చిన పీసుకు రాత్రి దీపాలార్పి నల్ల తెర పెడితే కింది ఎడమ మూల నుంచి పసుపు వెలుతురు కారుతోంది. తెల్ల పేజీ మీద దాని జాడే లేదు, కాబట్టి అడగదలచుకోలేదు. ఇవాళ ఇంకో పెళ్లి కార్డు వచ్చింది. "బంధుమిత్రుల" దగ్గర ఆగి, పేజీ జరిపి ఇంకోసారి చూసుకున్నా.