ఉడికిన తాబేలు మాంసంలో డీఎన్ఏ దొరుకుతుందా?

అందరికీ నమస్కారం. మాది ముమ్మిడివరం వైపు, ఓ ప్లీడరు గారి దగ్గర జూనియర్‌ని. పంట కాలవల్లో, చెరువుల్లో పట్టిన తాబేళ్లని గోనెసంచుల్లో వేసి ఒడిశా పంపేస్తారని ఇక్కడ అందరికీ తెలిసిందే, కానీ ఈసారి దొరికింది డిప్పలు తీసేసిన ముక్కలు, పొయ్యి మీద పసుపూ కారం పట్టి సగం ఉడికిన కూర. పట్టుబడినవాళ్లేమో మేక మాంసమండీ అంటున్నారు!

హైదరాబాద్‌లో సీసీఎంబీ (కేంద్ర ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ల లాకోన్స్ అనే వన్యప్రాణుల ల్యాబ్‌లో మైటోకాండ్రియా డీఎన్ఏలోని సైటోక్రోమ్ బి జన్యువు చూసి ఏ జంతువో తేలుస్తారని, ఒక్కో కణంలో ఆ డీఎన్ఏ ప్రతులు వందల్లో ఉంటాయి కాబట్టి ఉడికినా చిన్న తునకలైనా మిగులుతాయని చదివాను. సరే. అయితే కూర శాంపిల్‌ని ఎవరో ఫార్మలిన్‌లో వేసేశారు, అదేమో డీఎన్ఏని పాడుచేస్తుంది, ఆల్కహాల్‌లో వేసుంటే ఈ టెన్షనే లేదు. పచ్చి ముక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయి గానీ మా ఊళ్లో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు కదా.

ఫార్మలిన్ శాంపిల్‌తో ఎవరికైనా రిపోర్టు వచ్చిందా? ఒకే గిన్నెలో రెండు జాతులు కలిస్తే ఫలితం గజిబిజి అవుతుందా? సీలు వేసి పంపడానికి కోర్టు లెటర్ తప్పనిసరా, ఫారెస్టు రేంజర్ లెటర్ చాలా? ఇలాంటి కేసు చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి, వాయిదా దగ్గరకొచ్చేసింది.