బాండికూట్: మన పందికొక్కు ఆస్ట్రేలియా దాకా వెళ్లిన వైనం

‘బాండికూట్’ అంటే ఏమిటని పొద్దున గ్రూపులో ఒకరు అడిగారు. మన పందికొక్కేనండి. ఈ మాట తెలుగు నుంచే వెళ్లిందని ఇంగ్లిష్ నిఘంటువులే రాస్తాయి. పక్క భాషల్లో చూసినా ఆ సంగతి తేలిపోతుంది: తమిళంలో ఈ జంతువు పెరుచ్చాళి, కన్నడంలో హెగ్గణ. ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1611లోనే మచిలీపట్నంలో వ్యాపారం పెట్టారు. గోదాముల్లో ధాన్యం బస్తాలు కొరికే ఈ జంతువు పేరు వాళ్లు మనవాళ్ల నోటే విని ఉంటారని నా నమ్మకం.

పంది సరే, మరి కొక్కు? అదీ ఎలుకే. వినాయకుడికి కొక్కురౌతు అన్న పేరు అలా వచ్చిందే. బాగా ఎదిగిన పందికొక్కు దాదాపు కిలో తూగుతుంది, బెదిరిస్తే గుర్రుమంటుంది కూడా. పేరు సరిగ్గా సరిపోయింది.

‘ప’ కాస్తా ‘బ’ ఎందుకైంది? ఇంగ్లిష్ వాళ్లు ‘పెన్’ అన్నప్పుడు నోటి ముందు చెయ్యి పెట్టి చూడండి, గాలి తగులుతుంది. మన ‘ప’లో ఆ గాలి ఉండదు. అందుకే వాళ్ల చెవికి అది ‘బ’లా వినిపిస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆస్ట్రేలియా చేరిన తెల్లవాళ్లు అక్కడ మూతి కోసుగా ఉండి నేల తవ్వుకునే చిన్న జంతువును చూసి దానికీ ఇదే పేరు పెట్టేశారు. అది ఎలుక జాతే కాదు. కంగారూలా పొట్ట దగ్గర సంచి ఉన్న జంతువు. ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. 1996లో వచ్చిన ‘క్రాష్ బాండికూట్’ వీడియో గేమ్‌లో హీరో ఈ ఆస్ట్రేలియా జంతువే.

అందుకని అనువాదాలు చేసేవాళ్లకు నా మనవి. ఆస్ట్రేలియా జంతువును పందికొక్కు అని రాయకండి, పిల్లలు పొరబడతారు. దాన్ని బాండికూట్ అనే ఉంచండి. అలాగే మన పొలంగట్ల కింద కన్నాలు చేసి వరి కంకులు దాచుకునేదాన్ని ‘బాండికూట్ ఎలుక’ అని రాయడం కూడా నాకు నచ్చదు. జనం డబ్బు మెక్కేవాళ్లను “పందికొక్కుల్లా తింటున్నారు” అని తిడతామే, ఆ మాటలో ఉన్న బలం బాండికూట్‌కు ఎక్కడిది?

మీ వైపు ‘కొక్కు’ అని విడిగా అనేవాళ్లు ఇంకా ఉన్నారా? ఉంటే ఏ జిల్లానో కూడా రాయండి.